మానేశాడని నేను చెప్పాల్సి వచ్చింది

ఈ రోజు మధ్యాహ్నం హుస్సేనీ ఆలంలో మా ఇంటి ఓనరు నర్సింగన్న, ఆయన భార్య అంజమ్మగారు టీవీలో పాత నలుపు తెలుపు సినిమా వస్తోందని కిందికి పిలిచారు. భర్త తాగుడుతో ఒక సంసారం చితికిపోయే కథ. నర్సింగన్న తాగుడు మానేసి రెండేళ్లయింది. సినిమాలో భర్త ఇక తాగనని ఒట్టేయగానే అంజమ్మగారు లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. చివరికి అతను నిజంగానే మానేశాడు. నర్సింగన్న సంబరంగా కేకేశాడు.

"అంజమ్మా, తాగుడు బంద్ చేసిండే!"

"నువ్వు చెప్తే నేన్నమ్మ. సార్, మీరు చెప్పుండ్రి. నిజంగనే బంద్ చేసిండా?"

"చేశాడమ్మా," అన్నాను.

నర్సింగన్న టీవీ కట్టేశాడు. ఆవిడ అడిగింది సినిమా గురించేనంటారా?