రూత్ గారి పెట్టెలో రాళ్ళు

కెనడా మొత్తం మీద నాలా పెట్టె సర్దగలిగినవాడు లేడు. ఇరవై మూడు కిలోలంటే ఇరవై మూడే. నలభై ఏళ్ళలో నేను సర్దిన పెట్టె ఒక్కటి కూడా విమానాశ్రయంలో విప్పించలేదు. అంతటి ఘనుణ్ణి, ఒకరోజు పొద్దున్నే పన్నెండుమంది ఆడవాళ్ళని గులకరాళ్ళ మీద మోకాళ్ళేయించాను. అదీ విమానానికి నాలుగు గంటల ముందు. చెబుతాను, హాయిగా నవ్వుకోండి. తప్పంతా నాదేనని మాత్రం ముందే తేల్చేయకండి.

మూడేళ్ళ కిందటి సంగతి. అప్పటికి నాకు డెబ్భై ఒకటే, కుర్రతనం ఇంకా వదల్లేదు. రిచ్‌మండ్ హిల్‌లో మా పక్కింటావిడ రూత్ గారికి డెబ్భై ఆరు. యూదులు. ప్రతి నెలా నెలవంక వచ్చేనాడు వాళ్ళ ప్రార్థనామందిరం ఆడవాళ్ళంతా ఆవిడ బేస్‌మెంట్‌లో చేరేవారు. ప్రార్థన, పాటలు, టీ, ఆ పైన అంతులేని కబుర్లు. మా ఆవిడ శారద కూడా వెళ్ళి ఓ మూల కూర్చునేది. ఆ ఏడు వాళ్ళంతా కలిసి లిథువేనియా బయల్దేరారు. వాళ్ళ అమ్మమ్మలు పుట్టి, పోయిన చిన్న ఊరు, అక్కడ పాడుబడ్డ ఓ శ్మశానం, అదీ యాత్ర.

వాంకూవర్ నుంచి రూత్ గారి కొడుకు ఫోన్ చేసి, ఈ వయసులో ఎందుకమ్మా, అక్కడ చూడ్డానికి ఏమీ మిగల్లేదు కదా అన్నాడట.

"మిగల్లేదు కాబట్టే వెళ్తున్నాను" అని ఫోన్ పెట్టేసిందట ఆవిడ.

అలాంటి మనిషి ప్రయాణంనాడు పొద్దున్న, పన్నెండుమంది పెట్టెలూ తూచిపెట్టమని నన్ను సాయమడిగింది. నేను లగేజీ త్రాసు పట్టుకుని, శస్త్రచికిత్సకెళ్ళే డాక్టరులా వాళ్ళింట్లో అడుగుపెట్టాను. పదకొండు పెట్టెలు గట్టెక్కాయి. రూత్ గారిది ఇరవై అయిదున్నరకి కాస్త తక్కువ తూగింది. ఆవిడ వంటింట్లో పాస్‌పోర్టులు లెక్కపెడుతోంది. ఈమాత్రానికి అడగడమెందుకని తెరిచాను.

వాళ్ళ మతానికి సంబంధించిందేదీ ముట్టుకోకూడదని ఎంత జాగ్రత్తపడ్డానో మీకు తెలియాలి. ప్రార్థన పుస్తకం జోలికి పోలేదు. వాళ్ళ నియమం ప్రకారం వండి కట్టుకున్న తిండి డబ్బాల్ని వేలితో కూడా తాకలేదు. అడుగున ఓ గుడ్డసంచీ దొరికింది. నిండా రాళ్ళు. రాళ్ళకు మతమేమిటి? పెద్దావిడ, ఏదో మతిమరుపు అనుకున్నాను. సంచీ పట్టుకెళ్ళి వాకిట్లో, కారు బాట పక్కన పరిచిన గులకరాళ్ళలో బోర్లించి, ఖాళీ సంచీ మళ్ళీ పెట్టెలో పెట్టాను. ఇరవై రెండు పాయింట్ తొమ్మిది.

వ్యాను వచ్చింది. ఎక్కేముందు ప్రయాణ ప్రార్థన చదవాలని అందరూ గుండ్రంగా నిలబడ్డారు. రూత్ గారు పెట్టె తెరిచి సంచీ తీసింది.

"ఇందులో రాళ్ళేవి, మిస్టర్ రావు?"

"తీసేశాను. ఇప్పుడు బరువు సరిపోయింది" అని చప్పట్ల కోసం కాసేపు ఆగాను.

ఎవరూ కొట్టలేదు. అప్పుడు శారద నన్ను పక్కకి లాగి చెప్పింది. వీళ్ళు సమాధి మీద పూలు పెట్టరు, రాయి పెడతారు, మేం వచ్చాం, మిమ్మల్ని మరిచిపోలేదు అని. పన్నెండుమందీ తలో రాయీ తెచ్చుకుని, పోయిన నెలవంకనాడు వాటిని చేతులు మార్చుకుంటూ అమ్మమ్మల పేర్లు చదివి, అన్నీ రూత్ గారి సంచీలో వేశారట. రూత్ గారి రాయి, వాళ్ళమ్మ కెనడా వచ్చాక రోజూ సాయంత్రం కూర్చునే వాగు గట్టుది. ఆ తల్లి తను పుట్టిన ఊరు మళ్ళీ చూడకుండానే పోయింది.

నేను చెయ్యి చాపి గులకరాళ్ళని చూపించాను. ఒక లారీడు ఉన్నాయి.

అందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. విచిత్రం ఏమిటంటే, ఎవరి రాయి వాళ్ళకి ఇట్టే దొరికింది, బళ్ళో పిల్లల్ని గుర్తుపట్టే తల్లుల్లాగా. పదకొండు దొరికాయి. రూత్ గారిది దొరకలేదు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఎస్తేర్ అనే స్నేహితురాలు, ఇవన్నీ నీ వాకిట్లోవే కదా, ఇంకోటి తీసుకో అంది.

"అది లేకుండా నేను వ్యాను ఎక్కను" అంది రూత్ గారు, లేవకుండానే.

అప్పుడు నేను గద్దలా వాలి, ఆ రాళ్ళగుట్టలోంచి సరిగ్గా ఆ ఒక్క రాయిని పైకి తీశాను. మూడేళ్ళుగా మా తెలుగువాళ్ళ విందుల్లో నేను చెబుతున్నది ఇదే.

సరే, వయసు మీదపడింది, ఒప్పుకుంటాను. పెట్టెలు విప్పించలేదన్నది అబద్ధం, హైదరాబాదులో రెండుసార్లు విప్పించారు. ఆ రాయి గుట్టలోనూ లేదు. నా కోటు జేబులో ఉంది. బల్లపరుపుగా, చేతిలో ఇమిడేలా ఉంటే, టీలోకి అల్లం దంచుకోవడానికి బాగుంటుందని దాచుకున్నాను. వాళ్ళు వెతికినంతసేపూ జేబులో దాన్ని పట్టుకునే నిలబడ్డాను. చివరికి వంగి, దొరికినట్టు నటించి ఇచ్చాను.

పన్నెండు రాళ్ళూ పన్నెండు కోటు జేబుల్లోకి వెళ్ళాయి. పెట్టె మాత్రం ఇరవై రెండు పాయింట్ తొమ్మిదే, గమనించండి. పదిరోజుల తర్వాత ఫోటో వచ్చింది. ఒరిగిపోయిన ఓ సమాధి, దాని మీద అల్లం తగలని ఆ రాయి.

కాబట్టి నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఆడమనిషి పెట్టెలోంచీ, అడక్కుండా ఇసుక రేణువైనా తీయను. బరువు విషయంలో మాత్రం క్షమాపణ చెప్పను గాక చెప్పను.

ఇది రాసి శారదకి చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"మీరు వంగనూ లేదు, ఇవ్వనూ లేదు. ఆవిడే లేచొచ్చి మీ జేబులో చెయ్యి పెట్టి తీసుకుంది."