నీలి మరక పట్టిన అరడాలర్లు

"సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మీరేమైనా దొంగడబ్బు మారుస్తున్నారా?"

బ్యాంకు మేనేజరు ఈ మాట అడిగేసరికి ఆర్డిత్ రూప్ చేతిలో అరడాలర్ల బాక్సు ఉంది. వెయ్యి నాణేలు, పాతిక పౌన్ల బరువు. దాన్ని కిందపెట్టకుండానే జవాబు చెప్పింది.

"బయట నా ట్రక్కు చూశారా? తలుపుకి తాడు కట్టుకుని నడుపుతున్నాను. దొంగసొమ్ము ఉన్నదాన్నయితే ముందు ఆ తలుపు బాగుచేయించుకోనూ?"

కౌంటరు వెనక క్యాషియరు ట్వైలా నవ్వాపుకోలేక సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు వంగింది. మేనేజరు మాత్రం నవ్వలేదు. ఆయన అనుమానం మరీ అన్యాయమైనదేమీ కాదు. యాభై ఎనిమిదేళ్ళ స్కూలు బస్సు డ్రైవరమ్మ ప్రతి మంగళవారం అయిదువందల డాలర్ల నోట్లు కట్టి, ఒహాయోలో ఎవరూ వాడని అరడాలర్లు బాక్సుకి బాక్సు పట్టుకుపోతోంది. పైగా వాటిని తిరిగి ఇక్కడ కట్టదు, పన్నెండు మైళ్ళు పోయి పక్క ఊరి బ్యాంకులో పోస్తుంది. చిల్లరలో కలిసిపోయిన పాత వెండి నాణేలు వెతికేవాళ్ళందరిదీ అదే పద్ధతి. కొన్నచోటే పోస్తే, చూసి పారేసిన నాణేలనే మళ్ళీ మనకి అంటగడతారు.

ఈ వెతుకులాట ఆర్డిత్‌కు కాలక్షేపం కాదు, జీతం వసూలు.

ఆమె తండ్రి ఒర్విల్ రూప్ నలభై ఏళ్ళు బార్బర్ షాపు నడిపాడు. తొమ్మిదో ఏట నుంచి పెళ్ళయ్యేదాకా ఆ షాపులో జుట్టు ఊడ్చింది ఆర్డిత్. ఒక్క పైసా ఇవ్వలేదు. అడిగితే, "నీ కూలి డబ్బాలో పడుతోందే" అనేవాడు. ఆ మాట అబద్ధం కాదు. 1964 వరకూ అచ్చయినవి, వెండివి, ఏ అరడాలరు చేతికొచ్చినా కాఫీ డబ్బాలో వేసేవాడు. వేసేముందు దువ్వెనలు నానబెట్టే నీలిమందులో ఒక రాత్రి ముంచేవాడు. పందుల దొడ్లోంచి వచ్చే చేతుల డబ్బును ఆయన నమ్మడు. పోతూ పోతూ ఇల్లూ పొలమూ కొడుకు డెల్బర్ట్‌కూ, డబ్బాలు ఆర్డిత్‌కూ రాసిపోయాడు. డబ్బాల్లో పదహారు వందల నాణేలున్నాయి.

వీలునామా చదవకముందే డెల్బర్ట్ ఇల్లు సర్దాడు. పందులు పెంచేవాడు, చర్చిలో కోశాధికారి, చేతిలో చిల్లర ఉంటే చేతులు దురద పెట్టే మనిషి. డబ్బాలు తీసుకెళ్ళి బ్యాంకులో పోసి, వాటి మీద అచ్చయిన విలువకి ఎనిమిదివందల డాలర్లు తెచ్చాడు. అప్పటి వెండి ధరకి ఒక్కో నాణెం ఆరు డాలర్లు చేస్తుంది. చెల్లెలికి ఎనిమిదివందలకి చెక్కు రాసిచ్చి, "సెంటుతో సహా లెక్క సరిపోయిందే ఆర్డీ" అన్నాడు.

ఆర్డిత్ ఆ చెక్కును నాలుగు ముక్కలు చేసి అన్నయ్య టోపీలో వేసింది.

"కుటుంబంలో శాంతి ఉండాలనే నాన్న కోరుకునేవాడు" అన్నాడు డెల్బర్ట్.

"నాన్న నాకు శాంతి రాయలేదు. డబ్బాలు రాశాడు."

అప్పట్నుంచీ ఇదే పని. పొద్దున పిల్లల్ని బడి దగ్గర దించాక, మధ్యాహ్నం మళ్ళీ ఎక్కించుకునే లోపు దొరికే టైమంతా అరడాలర్లకే. వంటింటి బల్ల మీద కాగితం చుట్ట చింపడం, ఇరవై నాణేలూ అరచేతిలో వరసగా నిలబెట్టి అంచులు చూడటం. ఇప్పటి నాణేనికి అంచు మధ్యన రాగి గీత కనిపిస్తుంది, వెండిదయితే అంచంతా తెల్లగా ఉంటుంది. ఒక్కో నాణెం తిప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది? అంచులు చూసి పక్క బకెట్లో పారేయడమే. బాక్సుకి ఒకటో రెండో దొరికేవి. కొన్ని వారాలు అదీ లేదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం. మంచులో తడిసిన చుట్ట ఒకటి చేతిలోనే చిరిగి నాణేలు పొయ్యి కిందికి దొర్లాయి. ఆర్డిత్ మోకాళ్ళ మీద కూర్చుని, గరిటెతో ఒక్కొక్కటే బయటికి లాగింది. ఒకటి బొమ్మ పైకి తిరిగి పడింది. నడుస్తున్న స్త్రీ బొమ్మ, 1943. స్త్రీ భుజం మీద దెబ్బ తగిలి కమిలినట్టు నీలి మరక.

అంచు చూసింది. తెల్లగా లేదు, నల్లగా ఉంది. మట్టి పట్టిన రాగి అనుకునే రంగు.

దువ్వెనల మందు అంచులకీ పట్టింది మరి! వెండిని తెలుపు చూసి పోల్చడం నేర్చుకుని, నాన్న నాణేలు ఎదురుగా వచ్చినా అంచు నలుపు చూసి తనే పారేసింది. ఇన్ని నెలల్లో ఎన్ని పక్క ఊరి బ్యాంకు పాలయ్యాయో ఎవరు చెప్పగలరు?

కాసేపు ఒర్విల్‌నూ ఆయన శుభ్రతనూ తిట్టి, లేచి బకెట్ బల్ల మీద బోర్లించింది. ఈసారి ఒక్కొక్క నాణెమూ తిప్పి చూసింది. నీలి మరకవి నూట నలభై తేలాయి, దాదాపు అన్నీ బాక్సులో చివరి చుట్టలవే. నగరంలోని ఖజానాలో యంత్రం బ్యాంకులు పంపిన నాణేలను పోసిన వరసలోనే చుడుతుంది. ఒకచోట ఒలకబోసినవి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అంటే తర్వాతి బాక్సులో ఇంకా ఉండాలి. ఫోన్ తీసింది.

"ట్వైలా, మొన్నటి నా బాక్సుతో పాటు ఇంకేమైనా వచ్చాయా?"

"రెండొచ్చాయండీ. మీలాగే వెండి వెతికే గేలార్డ్ స్టకీ గారు తెప్పించుకున్నారు. నిన్నొచ్చి వద్దన్నారు. 'వెండి మొత్తం ఎవరో ఊడ్చేశారు, ఇంక చాలు, చేపలు పట్టుకుంటా' అని."

"అవి నాకు అట్టిపెట్టు."

"డబ్బు కట్టందే కుదరదండీ. మేనేజరు గారు అసలే మీమీద కన్నేసి ఉన్నారు. రేపు పదకొండింటికి డబ్బు లారీ వస్తుంది, వెనక్కి పంపేస్తాం."

రెండు బాక్సులంటే వెయ్యి డాలర్లు. ఆర్డిత్ తిప్పే అయిదువందలూ ఆ బల్ల మీదే నాణేలుగా పరుచుకుని ఉన్నాయి. ఖాతాలో రెండువందలున్నాయి, అవి పెట్రోలుకి. లారీ వెళ్ళిపోతే ఆ నాణేలు మళ్ళీ ఏ ఊళ్ళో తేలతాయో తెలియదు.

సాయంత్రం పిల్లల్ని దించేసి తిన్నగా అన్నయ్య పందుల దొడ్డికి వెళ్ళింది.

"ఎనిమిదివందలు ఇవ్వు."

డెల్బర్ట్ పార ఆనించి నిలబడ్డాడు. "టోపీలో వేశావుగా! ఇప్పుడేం, చలేసిందా?"

"ఇస్తావా, ఇవ్వవా?"

"ఇస్తాను. కానీ తీసుకున్నాక లెక్క తీరినట్టే. మళ్ళీ డబ్బాల మాట ఎత్తకూడదు."

"తీరదు. నువ్వు అమ్మేసిన నా వెండిని నేనే కొనుక్కోడానికి నీ డబ్బు అడుగుతున్నా. నాకు దొరికినంత మేరకు నీ బాకీ చెల్లు. మిగిలింది అలాగే ఉంటుంది."

"ఇదెక్కడి లెక్కే?"

గుమ్మంలోంచి అతని భార్య మార్లిస్ అరిచింది. "ఇచ్చెయ్యవయ్యా డెల్బర్ట్! ఆ పిల్ల నాణేలు పోసి తెచ్చిన డబ్బేగా! ఏడాది నుంచీ ఆదివారం భోజనంలో ఇదే గోల, బంగాళదుంపలు కూడా చేదెక్కిపోయాయి."

"నువ్వూ దాని వైపేనా?"

"నేను బంగాళదుంపల వైపు."

మర్నాడు బ్యాంకు తెరిచేసరికి ఆర్డిత్ తలుపు దగ్గరుంది. మేనేజరు నోట్లను రెండుసార్లు వెలుతురుకి పెట్టి చూశాడు. రెండు బాక్సులూ ట్రక్కులో సీటు మీద పెట్టి బెల్టు కూడా కట్టింది.

మొదటి బాక్సులో ఏడువందల రెండు. రెండోదాంట్లో రెండువందల ఎనిమిది, సగం దాటాక మరి లేవు. మొదటి నూట నలభైతో కలిపి బల్ల మీద మొత్తం వెయ్యిన్నీ యాభై నీలి మరకలు.

ఆదివారం డెల్బర్ట్ వచ్చి చూశాడు. ఒకటి తీసి వాసన చూశాడు. షాపు వాసనేం రాలేదు. దాన్ని మళ్ళీ వరసలో పెట్టాడు.

"సరే, దొరికాయిగా. మిగతావి నువ్వే పక్క ఊళ్ళో పారేసుంటావు. దానికి నేనెలా బాధ్యుణ్ణి?"

"డబ్బాలో ఉన్నవి నేను పారేయలేదు. డబ్బా ఒలకబోసినవాడిదే బాధ్యత."

ఎనిమిదివందల్లో దొరికిన వాటి మీద అచ్చయిన విలువ అయిదువందల పాతిక పోగా మిగిలిన రెండువందల డెబ్భై అయిదు డాలర్లూ లెక్కపెట్టి అతని చేతిలో పెట్టింది. "ఇది నీ డబ్బు. నాకు కావాల్సింది నాణేలు."

వసంతం వచ్చేసరికి మేనేజరుకు కొత్త తలనొప్పి మొదలైంది. ప్రతి బుధవారం పందుల వాసనతో ఒక పెద్దమనిషి వచ్చి అరడాలర్ల బాక్సు అడుగుతున్నాడు. అంచులు చూసి ఊరుకోకుండా ఒక్కొక్కటీ తిప్పి చూడమని చెల్లెలు గట్టిగా చెప్పింది. అతను తిట్టుకుంటూనే చూస్తున్నాడు. ఇప్పటికి పదకొండు దొరికాయి. డెల్బర్ట్ రూప్ చెల్లెలికి ఇంకా అయిదువందల ముప్పై తొమ్మిది వెండి అరడాలర్లు బాకీ.