టీ ఇస్తే సీటు వచ్చినట్టే

మెడికల్ సీటు కోసం ఎదురుచూసే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఒకటి ఇంకా నా ఫోన్లో ఉంది. అందులో నాకిప్పుడు పనేమీ లేదు. బయటికి వచ్చెయ్యమని మా ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. రాలేదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ గ్రూపు చప్పుడు లేకుండా పడి ఉంటుంది. నీట్ ఫలితాలు వచ్చాయంటే మాత్రం ఒళ్ళు విరుచుకుని లేస్తుంది. నిన్న పొద్దున నేను కందిపప్పు కడుగుతుంటే మోగడం మొదలుపెట్టింది. "సార్, మా బాబు ర్యాంకు ఇది, ఛాన్స్ ఉందా?" అని ఒక తండ్రి. "మా పాపకి చివరి రౌండులోనైనా ఛాన్స్ ఉందా మేడం?" అని ఒక తల్లి, ఆ వెనకాలే వరసగా చేతులు జోడించిన బొమ్మలు. తడి చేత్తోనే చదువుతూ నిలబడిపోయాను. పప్పు ఎన్నిసార్లు కడిగానో నాకే తెలియదు.

మాకు ఆ గ్రూపు కంటే పెద్ద దిక్కు మా అన్న. ఖమ్మంలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాడు. ఫలితాల కాలం వచ్చిందంటే సాయంత్రానికి ఆయన వరండా నిండిపోయేది. మిర్చి యార్డు నుంచి నేరుగా వచ్చి తుమ్ములు ఆపుకోలేని రైతులు, బట్టల షాపు కుర్రాళ్ళకి అప్పజెప్పి వచ్చిన సాయిబులు, సత్తుపల్లి నుంచి కారులో వచ్చినవాళ్ళు, మణుగూరు నుంచి బస్సులు మారి వచ్చినవాళ్ళు, అందరూ ఒకే బెంచీ మీద సర్దుకునేవాళ్ళు. పెళ్ళి సంబంధానికి జాతకం చూపించుకున్నట్టు పిల్లల ర్యాంకు చూపించుకునేవాళ్ళు. వెనకటి ఏళ్ళలో ఏ కాలేజీలో సీట్లు ఏ ర్యాంకు దగ్గర ఆగిపోయాయో మా అన్నకి నోటికి వచ్చు. ర్యాంకు వినగానే కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, పైకప్పు వంక చూసేవాడు. ఆ చూపు ఎంతసేపు సాగితే అంత చెడ్డదని వచ్చినవాళ్ళకి అర్థమైపోయేది.

ఆయనతో చిక్కేమిటంటే, 'రాదు' అనే మాట ఆయన నోటికి రాదు. సీటు ఖాయమనుకున్న పిల్లల అమ్మానాన్నలకి మా వదిన చేత టీ ఇప్పించి, "ఇగ పోండి, ఎనక జనం ఉన్నరు" అని తోసేసేవాడు. రాదనుకున్నవాళ్ళని మాత్రం లేవనిచ్చేవాడు కాదు. "ఎంత దూరం నుంచి వచ్చిండ్రో, ఏం తిన్నరో" అంటూ లోపలికి తిరిగి, "ఇంత ఉప్మా చెయ్యి" అని కేకేసేవాడు. ఈ సంగతి పాకి పాకి అందరికీ తెలిసిపోయింది. ఉప్మా మాట వినపడగానే కొందరు ఆడవాళ్ళు అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఒకాయనైతే, "మాకు ఆకలి లేదు సార్, టీ చాలు సార్" అని చేతులు పట్టుకుని బతిమాలాడట. "ఇంటికొచ్చిన చుట్టాలకు ఉప్మా పెట్టాలన్నా భయమైతున్నది" అని మా వదిన విసుక్కునేది.

మేముండేది పాల్వంచలో, కంపెనీ కాలనీలో. మా ఆయనది థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు మీద షిఫ్టుల పని. ఆయనకి మొదటి నుంచీ చలికాలంలో ఆయాసం. మా అమ్మాయి చిన్నప్పుడు ఆయన వీపుకి చెవి ఆనించి, "నాన్నా, లోపల పిల్లి అరుస్తున్నది" అనేది. ఆ పిల్లిని తనే పట్టుకుంటానని, అందుకు డాక్టరునవుతానని అప్పటి నుంచే అనేది. మేము నేర్పిన మాట కాదు. పెద్దయ్యాక పిల్లి సంగతి మర్చిపోయిందేమో గానీ డాక్టరు సంగతి మర్చిపోలేదు.

మా కాలనీకి ఒక గట్టి నమ్మకం ఉండేది. పిల్ల పదో తరగతి బాగా పాసయితే విజయవాడ పంపాలి. ఎందుకంటే పంపాలి, అంతే. పాల్వంచ కంటే ఖమ్మం మేలు, ఖమ్మం కంటే విజయవాడ మేలు. ఖమ్మం నిండా కోచింగ్ కాలేజీలే ఉన్నా ఖమ్మం వాళ్ళే పిల్లల్ని విజయవాడ పంపుతుంటే కాదనడానికి మేమెవరం? ఖమ్మంలోనే ఉద్యోగమంతా చేసిన మా అన్న కూడా, "విజయవాడకే పంపు చెల్లె, అక్కడ పోటీ వేరు" అన్నాడు. వేసవి సెలవులు ముగిశాయంటే మా కాలనీ బస్టాపు నిండా పరుపు చుట్టలు, పచ్చడి సీసాలు, ఏడుపు ముఖాలు. మా అమ్మాయి కూడా ఆ గుంపులోనే వెళ్ళింది.

ఇంటర్ రెండేళ్ళూ అక్కడే చదివింది. మొదటిసారి ర్యాంకు చాలలేదు. లాంగ్ టర్మ్ అని మళ్ళీ ఒక ఏడాది అదే ఊళ్ళో కూర్చుంది. చూడనిచ్చే ఆదివారాల్లో హాస్టల్‌కి క్యారియరు పట్టుకుని వెళ్ళేదాన్ని. పిల్లలు మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో పుస్తకం తెరిచి పెట్టుకునే అమ్మ తెచ్చిన అన్నం తినేవాళ్ళు. గది కిటికీ అద్దాలకి రోడ్డు కనపడకుండా పాత న్యూస్ పేపర్లు అతికించి ఉండేవి. నాకు గాలాడేది కాదు. "ఇదేందే, ఇట్ల ఎట్ల ఉంటున్నవ్?" అంటే, "అలవాటైంది" అనేది. ఫోన్లో మాట్లాడనిచ్చే కాసేపట్లో కూడా మా ఇద్దరి మధ్య మాటలంటే మార్కులే. జ్వరం వచ్చిన సంగతి కూడా మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పడానికే చెప్పేది.

రెండోసారి మంచి ర్యాంకు వచ్చింది. ఆ సాయంత్రమే ముగ్గురం ఖమ్మం బస్సెక్కాం. మా అన్న ర్యాంకు విన్నాడు. కళ్ళజోడు తియ్యలేదు, పైకప్పు వంక చూడలేదు. "చెల్లెకు టీ తే" అన్నాడు. సంతోషం పట్టలేక ఆ టీ ఊదకుండా తాగేసి నాలుక కాల్చుకున్నాను. చక్కెర చాలలేదని గొణగకుండా ఏనాడూ టీ తాగని మా ఆయన, ఆ రోజు గుటగుటా తాగి గ్లాసు తనే కడిగి పెట్టాడు. "నిజంగ వస్తదా మామా?" అని మా అమ్మాయి అడిగింది. "వస్తదా రాదా అన్నది కాదు బిడ్డా, ఏ కాలేజ్ అన్నదే ఆలోచించాలె" అన్నాడు. తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోయింది. అంత ఆదమరిచి నిద్రపోవడం చూసి చాలాకాలమైంది.

కొద్దిరోజులకే, మెడికల్ సీట్లకి స్థానికులెవరన్న నిబంధన మారిందన్న కబురు వచ్చింది. అంతకుముందు చిన్న తరగతులు ఇక్కడ చదివినా సరిపోయేది. ఇప్పుడు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళూ ఈ రాష్ట్రంలోనే చదివి ఉండాలట. మా అమ్మాయి ఇంటర్ చదివింది కృష్ణ ఒడ్డున. పోనీ ఆ రాష్ట్రం పిల్లే అనుకుందామంటే అక్కడా నాలుగేళ్ళు లేవు. పాల్వంచ దవాఖానాలో పుట్టి, పాల్వంచ బళ్ళో చదివిన పిల్ల ఇక్కడా పరాయిదే, అక్కడా పరాయిదే. రాష్ట్రం రెండయినప్పుడు భద్రాచలం చుట్టుపక్కల ఊళ్ళు కొన్ని అటువైపు కలిశాయి. కదలకుండా కూర్చున్నవాళ్ళు వేరే రాష్ట్రం వాళ్ళయిపోయారే అని అప్పట్లో జాలిపడ్డాను. వాళ్ళకి కనీసం ఏదో ఒక రాష్ట్రం దక్కింది.

పక్క క్వార్టర్ ఆవిడ కూతుర్ని విజయవాడ పంపడానికి మనసొప్పక పాల్వంచలోనే ఇంటర్ చదివించింది. అందుకు ఇన్నాళ్ళూ మా అందరి ముందూ చిన్నబోయి తిరిగింది. మా అమ్మాయి కంటే బాగా వెనక ర్యాంకుతో ఆ పిల్లకి సీటు ఖాయమైంది. ఆవిడ మైసూర్ పాక్ తెచ్చి పెడితే తీసుకుని నోట్లో వేసుకున్నాను. "బాగుంది" అన్నాను. ఆవిడ వెళ్ళాక తలుపేసుకుని ఏడ్చాను. ఆవిడ మీద నాకేం కోపం లేదు. ఎవరి మీద కోపమో తెలియకనే ఏడుపు.

అన్నని నిలదీద్దామని అమ్మాయిని తీసుకుని మళ్ళీ ఖమ్మం వెళ్ళాను. అనాల్సిన మాటలన్నీ బస్సులోనే కూడబలుక్కున్నాను. ఆ వేళ వరండాలో ఎవరూ లేరు. ఆయన గడ్డం మాసి ఉంది. మమ్మల్ని చూడగానే కళ్ళజోడు తీసి, తుడిచి తుడిచి, పెట్టుకోవడం మర్చిపోయి పైకప్పు వంక చూడసాగాడు. "ఆలిండియా కోటా ఉన్నది చెల్లె. దానికి లోకల్ గీకల్ లేదు. మొదటి రౌండుల రాకున్నా, పైనున్న పిల్లలు వేరే కాలేజీలకు పోతరు, జాగా ఖాళీ అయితది. జారంగ జారంగ..." అని ఆగిపోయాడు. జారీ జారీ అది మా దాకా రాదని ఆయనకి తెలుసు.

వంటింట్లో బాండీ పెట్టిన చప్పుడు, ఆవాలు చిటపటలాడిన చప్పుడు వినిపించాయి. ఈసారి ఆయన కేకెయ్యలేదు. మా వదినే మొదలుపెట్టింది. మా అమ్మాయి గుమ్మం దాకా వెళ్ళి, "మాకేం వద్దత్తా" అంది. "బస్సుల వచ్చిండ్రు, ఆకలైతది గదా" అంది మా వదిన, వెనక్కి తిరక్కుండా. ప్లేట్లు వచ్చాయి. తిన్నాం. అన్నని అనాలనుకున్న మాటలన్నీ ఆ ఉప్మాతో పాటు మింగేశాను. "విజయవాడ పంపమన్నది నేనే గద" అన్నాడు ఆయన, మాతో కాదు, గోడతో.

ఆ తర్వాత రౌండ్ల మీద రౌండ్లు. ఆ రోజుల్లో నేను మనిషిని కాను. సీటొచ్చిందా అని అడుగుతారని, కాలనీలో ఎవరూ బయటికి రాని మిట్టమధ్యాహ్నం ఎండలో కూరలకి వెళ్ళేదాన్ని. గ్రూపులో ఎవరైనా "మా పాపకి ఢిల్లీలో వచ్చింది, ఇక్కడి సీటు వదిలేస్తున్నాం" అంటే నాకు పండగ. "ఉన్నదాంట్లోనే చేరుతున్నాం" అంటే ముక్కూ ముఖం తెలియని ఆ పిల్ల మీద పగ. కాలనీ ఆడవాళ్ళు బలవంతం చేసి పర్ణశాల రాముడి గుడికి తీసుకెళ్ళినప్పుడు కూడా మా అమ్మాయికి సీటు ఇమ్మని మొక్కలేదు. దానికంటే ముందున్న పిల్లలందరికీ ఇంకా పెద్ద పెద్ద కాలేజీలు ఇప్పించమని, వాళ్ళంతా చల్లగా వెళ్ళిపోయి జాగా ఖాళీ చెయ్యాలని మొక్కాను. పరాయి పిల్లల మేలు కోసం అంత గట్టిగా దణ్ణం పెట్టిన తల్లి ఇంకొకరు ఉండరనుకున్నాను. ఉంది, నా పక్కనే. ఇల్లెందు నుంచి వచ్చిందట, ఆమెదీ అదే మొక్కు. వాళ్ళబ్బాయి ర్యాంకు మా అమ్మాయి కంటే కాస్త ముందు. "మీవోనికి తప్పకుండ వస్తది వదినా" అని ఆమె చేతులు పట్టుకున్నాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనెందుకు అన్నానో ఆమెకి చెప్పలేదు.

చివరి రౌండు ఫలితం ఒక మధ్యాహ్నం వచ్చింది. మా ఆయన షిఫ్టు దిగి వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. అమ్మాయి మంచం మీద కూర్చుని ఫోన్ చూసి, "రాలే" అంది. కరెంటు వచ్చిందా అని అడిగితే చెప్పినట్టు అంది. మా ఆయన కుళాయి కట్టెయ్యడం మర్చిపోయాడు. నేను మాత్రం ఊరుకోలేదు. నా నోరు నా మాట వినే రకం కాదు. ఇంకొక్క ఏడాది చదవమన్నాను. ఎంత దగ్గరికి వచ్చామో చెప్పాను. ర్యాంకు ఇంకొంచెం పైకొస్తే ఆలిండియా కోటాలోనే వచ్చేస్తుందని మా అన్న లాగే లెక్కలు కట్టాను. డాక్టరు కావాలన్నది నువ్వే కదా, నేను కాదు కదా అని కూడా అన్నాను.

"అవ్, నాకు కావాల్ననే ఉన్నది. ఇప్పటికి గూడ ఉన్నది" అంది. "గని ఇంకో ఏడు గా రూముల కూసుంటే నేను బతకనమ్మా."

అరవలేదు, ఏడవలేదు. నేను దాని ముఖంలోకి చూశాను. అది బెదిరింపు కాదు. అంతమంది పిల్లల ర్యాంకులు చూసిన మా అన్నకి గానీ, నాకు గానీ ఆ లెక్క ఎప్పుడూ తట్టలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మా ఆయన లోపలికి వచ్చి తడి చెయ్యి దాని తల మీద పెట్టి, "ఒద్దులే బిడ్డా, ఇగ ఒద్దు" అన్నాడు. భద్రాచలంలో నర్సింగ్ చేరడానికి తను అప్పటికే అన్నీ కనుక్కుని పెట్టుకుందని ఆ సాయంత్రం చెప్పింది. అదీ వైద్యమే కదా అని తర్వాత నాకు చాలామంది చెప్పారు. తలూపాను. తను అనుకున్నది అది కాదని నాకు తెలుసు, నాకంటే బాగా తనకి తెలుసు.

చేర్పించడానికి నేను వెళ్ళాను. బస్సు కిక్కిరిసి ఉంది. ఎలాగో రెండు సీట్లు దొరికాయి. బ్యాగు పైన పెడదామని లేచాను. విజయవాడ పంపిన నాడు కూడా నేనే ఎత్తి పెట్టాను, అప్పుడు దానికి చెయ్యి అందలేదు. ఇప్పుడు నేను మునివేళ్ళ మీద నిలబడి తంటాలు పడుతుంటే, "నువ్వు కూసో అమ్మా" అని నా చేతుల్లోంచి తీసుకుని, నా తల మీదుగా అవలీలగా పైన పెట్టేసింది. నేను తలెత్తి చూడాల్సి వచ్చింది. నాకంటే ఇంత పొడుగు ఎప్పుడయింది ఇది? ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. ఏ పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయో మాత్రం అన్నీ గుర్తున్నాయి. వస్తుందా రాదా అని మేము లెక్కలు వేసుకుంటూ కూర్చున్నన్నాళ్ళూ, కాలం మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా మా పిల్లని తనే పెంచేసింది.