వసుమతి గారి ఎర్ర పూర్ణం

అమెరికాలో మా సన్నీవేల్ అపార్ట్‌మెంట్లలో ఎవరింట పండగైనా పూర్ణం వసుమతి గారే కలపాలి. ఇరవై ఆరేళ్ళుగా ఊరికే కలుపుతున్నారు. పొగడ్తలకు లోటు లేదు, కానీ పొగడ్తలు ఎన్నాళ్ళని తింటారు? యాభై ఆరో ఏట ఆవిడకి సొంతంగా ఒక ఉద్యోగం కావాలనిపించింది.

దగ్గర్లోని జపనీస్ మిఠాయి కొట్టు యజమానురాలు హరాద గారికి మణికట్ల నొప్పులు. చిన్న ఎర్ర గింజలు ఉడికించి, చక్కెరతో దగ్గరపడేదాకా కలిపే మనిషి కావాలి. ముందు ఒక రోజు చేయించి చూస్తానన్నారు.

"మన పూర్ణమే కదే! ఈ జాబ్ నాదే, నువ్వు డ్రైవ్ చెయ్యి చాలు," అన్నారు వసుమతి గారు, పక్కింట్లో ఉండే నాతో.

మొదటి పొంగు నీళ్ళు పారబొయ్యమని హరాద గారు చెప్పనే చెప్పారు. ఈవిడకి చేతులు రాలేదు. పప్పు ఉడికిన నీళ్ళతో కట్టుచారు పెట్టుకునే మనిషి మరి! ఆ నీళ్ళలోనే గింజల్ని మెత్తగా ఉడికించి, చక్కెర వేసి, గరిటెతో గీస్తే గిన్నె అడుగు కనిపించేదాకా కలిపారు. వేలితో కూడా నాలిక్కి తాకించుకోలేదు. నైవేద్యం కాకముందు ఎంగిలి చేసే అలవాటు లేదు.

హరాద గారు చెంచాడు తిన్నారు. "వగరు. మీరు రుచి చూడలేదా?"

"వండేటప్పుడు మేం చూడమండీ."

"కొన్నవాళ్ళు చూస్తారు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఈవిడ వాదనకి దిగుతారనే భయపడ్డాను. దిగలేదు. తనూ ఒక చెంచా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించారు.

"నాదే తప్పు. ఇంకో డబ్బా గింజలివ్వండి."

"ఇదీ చెడితే నేను వేరే మనిషిని చూసుకుంటాను," అన్నారు హరాద గారు.

ఈసారి మొదటి నీళ్ళు సింక్‌లో పోసేశారు. గింజ మెత్తబడ్డాక ఒకసారి, చక్కెర పడ్డాక ఒకసారి, ఉప్పు చిటికెడు వేశాక మరోసారి రుచి చూశారు. ప్రతిసారీ కళ్ళు మూసుకుని, దేవుడికి లెంపలేసుకుని మరీ చూశారు. నేను నవ్వాపుకోలేక బయటికెళ్ళాను.

తిరిగొచ్చేసరికి పూర్ణం పళ్ళెంలో చల్లారుతోంది. హరాద గారు చెంచా పట్టుకుని నిలబడ్డారు. "ఎలా ఉంది?"

"అమ్మెయ్యండి," అన్నారు వసుమతి గారు, తడుముకోకుండా.

హరాద గారు ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూశారు. చెంచా పక్కన పెట్టేసి, రుచి చూడకుండానే ముద్దలు చుట్టి అద్దాల బీరువాలో పేర్చడం మొదలుపెట్టారు.