మూకీ సినిమాకు నా తర్జుమా

మా కోడూరు వైపు ఆ రోజుల్లో ఇంగ్లీషు ఒంటరిగా వినబడేది కాదు. చర్చి సభలకు ఏ దొరగారో వచ్చి ఒక వాక్యం చెప్పి ఆగితే, పక్కన ఇంకో మైకు పట్టుకుని ఒకాయన దాన్ని తెలుగులో అందుకునేవాడు. దొరగారికంటే ఆ తర్జుమా చేసేవాడికే మర్యాద ఎక్కువ (భోజనాల్లో పెద్ద చేపముక్క కూడా ఆయనకే). బందరులో బి.ఏ. చదివొచ్చి ఖాళీగా తిరుగుతున్న నాకు ఆ మైకు మీద కన్నుండేది. క్రిస్మస్ ముందు ఒకరోజు పాస్టరుగారు పిలిచి, "అబ్బాయ్, సాయంత్రం పందిట్లో అమెరికా సినిమా క్యాసెట్టు వేస్తున్నాం. తర్జుమా నువ్వే. స్కూలు కరెస్పాండెంటు అమ్మగారు కూడా వస్తున్నారు, జాగ్రత్త" అన్నారు. ఆ స్కూల్లో ఇంగ్లీషు మాస్టారి ఉద్యోగం ఖాళీగా ఉంది.

టీవీలో నవ్వన్నది ఎరగని ఒక సన్నటి మనిషి వచ్చాడు, పెదాలు కదిపాడు, నిచ్చెన మీంచి పడ్డాడు. మాట మాత్రం లేదు. టీవీ అద్దెకు తెచ్చిన మా బావ వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాడు. అప్పుడు వెలిగింది నాకు, అది మూకీ సినిమా అని. "తర్జుమా చెయ్యవయ్యా!" అని వెనకనుంచి కేక. అమ్మగారు కళ్లజోడు సర్దుకుని నా వైపు చూశారు. దిక్కుతోచక క్యాసెట్టు అట్ట తిప్పితే, వెనక ఆ నటుడి జీవితకథ ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. మైకులో అదే అందుకున్నాను.

"ఈయన్ని పసితనంలోనే అమ్మానాన్నలు నాటకాల్లోకి దింపారండీ. జనాన్ని నవ్వించడానికి స్టేజి మీద అటూ ఇటూ విసిరేసేవాళ్లు" అన్నాను. సరిగ్గా అప్పుడే ఆయన దబ్బున పడ్డాడు. "అయ్యో, నా తండ్రీ!" అంది ముందు వరసలో ఉన్న, చేపలమ్మే మామ్మ. ఇక ఆయన పడ్డప్పుడల్లా పందిరంతా ఉసూరుమంది. "తర్వాత మాటల సినిమాలొచ్చాయి, ఈయన్ని పిలిచేవాళ్లు లేరు, తాగుడు పట్టుకుంది" అనేసరికి, "మరబోట్లొచ్చాక మా ఆయన సంగతీ ఇంతేగా" అని మామ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. లోకమంతా పగలబడి నవ్విన సినిమాకు మా ఊరు కుమిలి కుమిలి ఏడ్చింది. చివర్లో పాస్టరుగారు లేచి, "ఈ సహోదరుడికి పని దొరకాలని ప్రార్థన చేద్దాం" అన్నారు. ఆ నటుడు పోయి చాలా ఏళ్లయిందని అట్ట మీదే ఉంది. అయినా నేనూ కళ్లు మూసుకున్నాను.

అమ్మగారు వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగారు. "ఒక్క ముక్క మాట్లాడనివాడికే ఇంతసేపు తర్జుమా చేశావు. మా ఎనిమిదో తరగతి పిల్లలూ అంతే, ఇంగ్లీషులో నోరు విప్పరు. సోమవారం వచ్చెయ్."

సోమవారం ఇస్త్రీ చొక్కాతో బస్సు కోసం నిలబడితే మామ్మ ఎదురైంది. "ఏమయ్యా, ఆ అబ్బాయికి పని దొరికిందా?"

"దొరికింది మామ్మా. పెద్దతనంలో మళ్లీ పిలిచి వేషాలిచ్చారంట" అన్నాను (అట్ట మీద అదీ ఉంది, నిజమే).

"పోన్లే, చల్లగా ఉండాలి" అని తట్ట సర్దుకుని వెళ్లిపోయింది. నా ఉద్యోగం మాటే ఎత్తలేదని ఆ రోజు భలే ఉడుక్కున్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను గానీ, నా మాట విని ముక్కూమొహం తెలియని మనిషి కోసం ఒకరు అంత దిగులుపడడం మళ్లీ చూడలేదు.