నాలుగో మనిషి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ముగ్గురు కలిసి మంచి పనికి గుమ్మం దాటేవారు కాదు. ముగ్గురు వెళితే పని చెడుతుందని మా అమ్మమ్మ నమ్మకం. తప్పనిసరిగా ముగ్గురే వెళ్ళాల్సి వస్తే వాకిట్లో ఒక గులకరాయి ఏరి కొంగున కట్టుకుని, ఇది నాలుగో మనిషి అనేది. ఆ నాలుగో మనిషి గురించి రాయాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది శృంగవరపుకోటకి దగ్గర పల్లె. మేమంతా అమ్మమ్మ ఇంట్లోనే ఉండేవాళ్ళం. ఆ ఏడు మా పిన్ని తొలి పురుటికి వచ్చింది. ఆమెని కోట బజారుకి తీసుకెళ్ళి చేతినిండా గాజులు తొడిగించాలని అమ్మమ్మ మంచి రోజు చూసింది. అమ్మమ్మ, అమ్మ, పిన్ని, నేను. నలుగురం, లెక్క సరిపోయింది. నేను అప్పటికి బస్సెక్కి ఎరగను. నాకూ ఎర్ర గాజులు వేయిస్తానని పిన్ని మాటిచ్చింది. వారం నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. కనబడినవాళ్ళందరికీ కోట వెళ్తున్నానని చెప్పాను, మా గేదెకి కూడా చెప్పాను.

ఆ గేదే నా కొంప ముంచింది. సరిగ్గా బయల్దేరే వేళకి దానికి నొప్పులు మొదలయ్యాయి. పడుకుంటుంది, లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. తొలి చూలుది కదా, దాన్ని వదిలి రానని అమ్మ కొంగు బిగించుకుని పశువుల సాలలోకి వెళ్ళిపోయింది. ఇక మిగిలింది ముగ్గురం. అమ్మమ్మ నా వైపు చూసింది. ఆ చూపు ఎందుకో నాకు వెంటనే తెలిసిపోయింది.

"నువ్వుండిపోవే. ముగ్గురం ఎల్లకూడదు. గాజులు నేను తెస్తాను కదేటి."

కొంగున రాయి కట్టుకోమని బతిమాలాను. అది తప్పనప్పుడు చేసే పని, ఇప్పుడు నువ్వు మానేస్తే సరిపోతుంది కదా అంది. నేను అరుగు మీద కూలబడి ఏడుపు లంకించుకున్నాను. అక్కడే మా తాతయ్య గోగునారతో పలుపుతాడు పేనుతున్నాడు. నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో ఒక మాట చెప్పాడు. నేను ముక్కు తుడుచుకుని అమ్మమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"అమ్మమ్మా, పిన్ని ఒకతేనా, ఇద్దరా?"

అమ్మమ్మ తడబడింది. పూటపూటకీ పిన్ని కంచంలో ఇంకో ముద్ద పెడుతూ, ఒట్టి మనిషివి కావే, ఇద్దరి తిండి తినాల అనేది తనే. పిన్ని ఇద్దరైతే, నన్ను వదిలేసి వెళ్ళినా వాళ్ళు ముగ్గురవుతారు. నేను కూడా వెళితేనే నలుగురు. అంటే నేను వెళ్ళి తీరాలి. ఆ లెక్క అక్కడ నిలబడి ఉండగానే నాకు తట్టింది. ఒళ్ళు ఝల్లుమంది. ఏడుపు ఎటు పోయిందో తెలీదు.

అమ్మమ్మ తక్కువదా. "కడుపులో ఉన్నోడు అప్పుడే మనిషేటే? పేరు నేదు, ఊపిరి నేదు. ఇత్తనంలో ఉన్న సెట్టుని ఎవులైనా లెక్కెడతారేటి?"

పిన్ని పొట్ట మీద చెయ్యి వేసుకుని, "మరైతే రేత్రంతా నన్ను తన్నిందెవులమ్మా?" అంది.

తాతయ్య తాడు పేనడం ఆపలేదు. "రాయికి పేరుందేటి, ఊపిరుందేటి? దాన్ని కొంగున కట్టుకుని నాలుగో మనిషంటావు. నీ మనవడు రాయిపాటి సెయ్యడేటి?"

అమ్మమ్మ తాతయ్య వైపు గుర్రుగా చూసి, చూసి, ఆఖరికి ఫక్కున నవ్వేసింది. "ఒలే గుంటా, బేగి రా. బస్సెలిపోతాది" అంది. నేను చెప్పులు కూడా వేసుకోలేదు.

బస్సులో కండక్టరు పిన్నికి ఒక టిక్కెట్టే కొట్టాడు. నాకు మళ్ళీ తికమక. గుమ్మం దగ్గర ఇద్దరైన మనిషి బస్సెక్కగానే ఒక్కతే ఎలా అయిపోయింది? నెమ్మదిగా పిన్ని చెవిలో అడిగాను. పిన్ని కిటికీలోంచి చేలు చూస్తూ చెప్పింది.

"ఆకలేసినప్పుడు ఒక్కదాన్నే అనిపిస్తాది. ఇది తన్నినప్పుడు ఇద్దరమనిపిస్తాది. నా సెయ్యి ఎంత నాదో ఇదీ అంత నాదే, కానీ సెయ్యి ఆగమంటే ఆగుతాది, ఇది ఆగదు. నాకే తేల్లేదే, కండక్టరుకేటి తెలస్తాది?"

కోటలో గాజుల కొట్టామె పిన్ని చేతులు ఒత్తి ఒత్తి ఆకుపచ్చ గాజులు ఎక్కించింది. పిన్ని చేతులు ఒక్కసారి ఆడించేసరికి కొట్టంతా గలగలమంది. వెంటనే నా చెయ్యి పట్టుకుని తన పొట్టకి అదుముకుంది. లోపల్నుంచి టక్కుమని తగిలింది. నా చెయ్యి అక్కడే ఉండిపోయింది. లోపలున్నవాళ్ళు తలుపు కొట్టారా, తలుపే కదిలిందా, నాకు తెలియలేదు. నా ఎర్ర గాజుల సంగతి ఆ కొట్టామె గుర్తు చేస్తే గాని గుర్తు రాలేదు.

ఇంటికొచ్చేసరికి గేదె ఈనింది. తడి తడి దూడని నాకుతోంది. తాతయ్య నన్ను సాల ముందు కూర్చోబెట్టుకున్నాడు.

"పొద్దుట ఇందులో ఒకటుంది. ఇప్పుడు రెండున్నాయి. మీయమ్మ తప్ప ఈ గుమ్మం దాటి లోపలికి ఎవులూ రానేదు, నేనిక్కడే ఉన్నాను. మరిదెక్కణ్ణుంచొచ్చింది సెప్పు."

కడుపులోంచి అన్నాను. కడుపులోకి ఎక్కణ్ణుంచి అన్నాడు. చాలాసేపు ఆలోచించి, అది తిన్న గడ్డిలోంచి అన్నాను. తాతయ్య నవ్వలేదు. గడ్డికి కళ్ళెవరు పెట్టారు అన్నాడు. అది నాకు తెలీలేదు.

"నాకూ తెలీదే. సూడు, ఎలా నిలబడతందో."

వణుకుతున్న కాళ్ళ మీద దూడ లేచింది, పడింది, మళ్ళీ లేచింది. మేమిద్దరం చీకటి పడేదాకా అలా చూస్తూనే కూర్చున్నాం.

పిన్నికి ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు ఆ పిల్లా అమ్మమ్మే. అప్పటి నుంచీ ఎంతమంది అని ఎవరైనా అడిగితే నాకు చప్పున జవాబు రాదు. కనబడనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అని ఒకసారి చూసుకుంటాను. మొన్న కడుపుతో ఉన్న నా మనవరాల్ని స్కానింగుకి తీసుకెళ్ళాం. తను, తన మొగుడు, నేను. ఆటో అబ్బాయి ఎంతమంది అని అడిగాడు. ముగ్గురం అంది మనవరాలు. ఆ మాట వినగానే నాకు అమ్మమ్మ కొంగున కట్టుకునే రాయి గుర్తొచ్చింది. కాళ్ళ దగ్గర కంకర కుప్పలో బోలెడు రాళ్ళున్నాయి. నేను వంగలేదు. మనవరాలి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కాను.