ఉరుముల మర్నాడు

మిర్యాలగూడ పొలిమేరలోకి బస్సు రాగానే కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన వస్తుంది. కొంచెం తియ్యగా, కొంచెం పులిసినట్టుగా, తడి గోనెసంచి వాసనతో కలిసి రోడ్డుకు రెండు వైపులా ఉన్న రైసు మిల్లుల నుంచి వచ్చే ఆ ఆవిరికి ఊరివాళ్లు ఎప్పుడో అలవాటు పడ్డారు. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఆ వాసన తగలగానే కొంగు సర్దుకుని, దిగడానికి సిద్ధమవుతాను. మా అన్న సైదులు ఆ మిల్లుల్లో ఒకదానిలో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నాడు. హైదరాబాదులో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పుకునే నేను ఏడాదికి రెండు మూడుసార్లు ఆయన ఇంటికి వెళ్తాను. బస్టాండుకు ఎదురొచ్చి ఆయన నా చేతిలోని సంచి అందుకున్న ప్రతిసారీ, ఆయన వెళ్లాల్సిన చోటికి నేను వెళ్లి వచ్చినట్టు, ఆ సంచి నాది కానట్టు అనిపిస్తుంది.

మాది కోదాడ దగ్గర నడిగూడెం. అమ్మా నాయినా పొద్దు పొడవకముందే కూలికి పోయేవాళ్లు. నాట్ల కాలంలో అయితే బురద కాళ్లతో వాళ్లు ఇంటికి చేరేసరికి మాకు నిద్ర ముంచుకొచ్చేది. అన్న నాకంటే మూడేళ్లు పెద్ద. నన్ను చూసుకునే పని ఆయనదే. పొద్దున్నే నన్ను ఆయన చంకకెక్కించి, "చెల్లె పైలంరా" అని ఒక మాట అనేసి అమ్మ వెళ్లిపోయేది. నన్ను ఇంట్లో వదిలి బడికి పోలేడు, బడి మానలేడు. అందుకని నన్నే బడికి మోసుకుపోయేవాడు. వెంకటనర్సయ్య సారు మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత నా చేతికి ఒక బలపం ముక్క ఇచ్చి అన్న పక్కనే కూర్చోబెట్టాడు. అలా ఏ తరగతో తెలియకుండా అన్న తరగతిలోనే నా చదువు మొదలైంది, అలాగే సాగింది.

ఆ బడి చదువంతా నాకు అన్న గొంతులోనే గుర్తుంది. సారు నోటి లెక్క చెబుతుంటే, ఆయన వాక్యం ముగియకముందే అన్న జవాబు చెప్పేసేవాడు. "ఆగరా, నన్ను అడగనియ్యి" అని సారు నవ్వుతూ కసురుకునేవాడు. ఇంటికి వచ్చాక చింతగింజలు కుప్పపోసి నాకు భాగహారం నేర్పింది అన్నే. ఎండాకాలం కాలువ గట్టు మీద తాటి ముంజలు బొటనవేలితో తోడి తింటూ, చేతికి కారిన నీళ్లు లాగుకు తుడుచుకుంటూ, గెలకు ఎన్ని కాయలు, కాయకు ఎన్ని కళ్లు అని నన్ను అడుగుతుండేవాడు. వానలు తగ్గి తంగేడు పూచాక బతుకమ్మ పండుగ వచ్చేది. అమ్మ మక్కల సత్తుపిండిలో బెల్లం కలిపి ముద్దలు చేస్తే, నా ముద్ద తినేసి ఆయన ముద్ద వైపు చూసేదాన్ని. సగం విరిచి ఇచ్చేవాడు. చిర్రగోనె ఆటలో కర్రతో కొట్టిన బిళ్ల ఎంత దూరం పడిందో కొలవకుండానే చెప్పేవాడు. తోటి పిల్లలు కర్రతో కొలిచి చూసి నోరెళ్లబెట్టేవాళ్లు.

ఆ రోజుల్లో నాకు ఉరుములంటే చచ్చేంత భయం. మబ్బు పట్టిందంటే చాలు అన్న చొక్కా అంచు పట్టుకునేదాన్ని, వాన వెలిసేదాకా వదిలేదాన్ని కాదు. ఆయన ఎక్కడికి కదిలితే అక్కడికి నేనూ కదిలేదాన్ని. మా ఇద్దరినీ చూసి వాడకట్టు ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

అయిదో తరగతిలో ఉండగా, తెలివైన పల్లెటూరి పిల్లలను ఏరి చేర్చుకుని, తిండీ బట్టా ఇచ్చి చదివించే సర్కారు గురుకులాల పరీక్ష మా ఇద్దరి చేతా రాయించాలని సారుకు పట్టుదల కలిగింది. నాకు వయసు చాలదు. ఏడాది ఎక్కువ వేసి రాశాడు. కోదాడలో పరీక్ష రాసి ఇంటికి వస్తూ, బస్సులో నిలబడే అన్న ఒక్కో లెక్కా నా చేత చెప్పించి ఏది తప్పో ఏది ఒప్పో తేల్చేశాడు. తనవి అన్నీ ఒప్పే. ఇద్దరికీ సీటు వచ్చింది. మగపిల్లల బడి మిర్యాలగూడ వైపు, ఆడపిల్లల బడి సూర్యాపేట వైపు. సారు స్వయంగా మా ఇంటికొచ్చి చెబితే నాయిన తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

నన్ను బడిలో దింపడానికి అందరూ వచ్చారు. కొత్త రేకు పెట్టె, రెండు లంగాజాకెట్లు, అమ్మ కట్టి ఇచ్చిన పల్లీల మూట. అమ్మ ఏడుస్తుంటే అన్న మాత్రం వార్డెనమ్మ దగ్గరికి పోయి, "మా చెల్లెకు ఉరుములంటే భయం, మేడం" అని చెప్పాడు. ఆమె నవ్వి తలూపింది. మర్నాడు ఆయనను నాయిన మిర్యాలగూడ తీసుకుపోయాడు.

నాకు ఆ బడి నచ్చింది. ఎంత నచ్చిందో చెప్పడానికి ఇన్నేళ్ల తర్వాత కూడా నోరు రాదు. పొద్దున్నే వేడివేడి ఉప్మా, ఆదివారం గుడ్డు, నీళ్ల తొట్టి చుట్టూ వరసగా కూర్చుని స్నానాలు, సాయంత్రం తొక్కుడుబిళ్ల, పక్కపక్కనే పరుచుకున్న చాపల మీద గరిడేపల్లి పిల్ల, హుజూర్‌నగర్ పిల్ల, వాళ్ల ఊళ్ల కబుర్లు. చాలామంది ఇంటి కోసం ఏడ్చేవాళ్లు. నాకు ఏడుపు రాలేదు. అమ్మ గుర్తొచ్చేది, అన్న గుర్తొచ్చేవాడు, అంతలో ఎవరో ఆటకు పిలిచేవాళ్లు.

చేరి నెల తిరగకముందే ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది. మేమంతా రేకుల షెడ్డులో చదువుకుంటున్నాం. కరెంటు పోయింది. ఉరుము ఉరిమినప్పుడల్లా షెడ్డు దద్దరిల్లేది. మొదటి ఉరుముకు ఒక పిల్ల కెవ్వున అరిచింది, రెండోదానికి నలుగురు, మూడోదానికి అందరం. తర్వాత అదొక ఆట అయిపోయింది. ఉరుము కోసం ఎదురుచూసి మరీ అరిచాం. భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

అదే వాన మిర్యాలగూడ వైపు కూడా కురిసింది.

మర్నాడు మధ్యాహ్నం దాటాక నేను వరండాలో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే ఆయమ్మ వచ్చి మా అన్న వచ్చాడని చెప్పింది. చేతిలో బిళ్లతోనే గేటు దగ్గరికి పరుగెత్తాను. గేటు అవతల అన్న నిలబడి ఉన్నాడు. జుట్టంతా తవుడు దుమ్ము, చొక్కా తడిసి ఆరి ముడతలు పడింది, ఒక కాలికి చెప్పు లేదు.

"నిన్న ఉరిమింది గదా. భయపడ్డవా?" అన్నాడు.

"లేదు."

"ఏడిసినవా?"

"ఊహూఁ. అందరం కలిసి అరిసినం. మస్తు మజా వచ్చింది."

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. "మంచిగనే ఉన్నవ్ గదా."

"నా ఆట వచ్చింది అన్నా, పోవాలె."

"పో మరి. పైలం."

నేను వెళ్లిపోయాను. ఎలా వచ్చావని అడగలేదు. తిన్నావా అని అడగలేదు. ఎనిమిదేళ్ల పిల్లకు అవి తోచవని అందరూ అంటారు. నేనూ నా విద్యార్థుల విషయంలో అలాగే అంటాను.

జరిగింది నాకు దసరా సెలవుల్లో గాని తెలియలేదు. ఆ పొద్దున ప్రార్థన అవుతుండగా అన్న వెనక కంచె దాటి రోడ్డెక్కాడు. తవుడు లోడు లారీ ఒకటి కొంతదూరం తెచ్చింది. అక్కడినుంచి చెల్లెకు బాగాలేదని చెబితే ఒక కండక్టరు జాలిపడి సూర్యాపేట బస్సులో నిలబడనిచ్చాడు. ఇక్కడ అన్న నన్ను పలకరిస్తున్న సమయానికి అక్కడ వాళ్ల బడిలో కలకలం. బడి పక్కనే కాలువ. వానకు నిండుగా పారుతోంది. గట్టు మీద చెప్పు ఒకటి దొరికింది. సార్లు, వంటవాళ్లు, ఊళ్లోవాళ్లు నీళ్లలోకి దిగి వెతికారు. నడిగూడెం కబురు వెళ్లింది. అమ్మ నాటు వేస్తున్న మడిలోనే కూలబడిందట.

మా బడి పెద్దమేడం అన్నకు అన్నం పెట్టించి, మనిషిని తోడిచ్చి వెనక్కు పంపింది. అక్కడి హెడ్మాస్టరు అన్నను చూడగానే ముందు దగ్గరికి తీసుకుని ఏడ్చాడట, ఆ తర్వాత కోపం వచ్చిందట. "ఈ పిలగాని జిమ్మేదారి నేను తీసుకోలేను. ఇంకోసారి ఇట్లయితే నేను ఎవరికి జవాబు చెప్పాలె?" అని నాయినతో అన్నాడు. బతిమాలడం నాయినకు చేతకాదు. అందరి ముందూ అన్న వీపు మీద రెండు వేసి, పెట్టె నెత్తిన పెట్టుకుని, ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ దసరాకు నేను ఇంటికి వచ్చేసరికి అన్న ఊళ్లో బడికే పోతున్నాడు, సాయంత్రం బర్రెలు మేపుతున్నాడు. అమ్మ నాకు ముందు వడ్డించింది, నెయ్యి నాకే వేసింది. "అది హాస్టల్ల ఉండి సదువుకునే పిల్ల" అంది. అన్నం తిన్నాక అన్న నా పక్కన కూర్చుని, "మీకు ఏం చెప్పిండ్రో నాకు చెప్పు" అన్నాడు. పుస్తకం తెరిచి చూపించాను. నేను సగం చెప్పేలోపు మిగతా సగం ఆయనే చెప్పేశాడు. నాకు మహా సంతోషం వేసింది, ఇంతకుముందు లాగే ఉందని.

ప్రతి సెలవులకూ అలాగే కూర్చునేవాళ్లం. వేసవిలో ఈతపండ్లు ఒళ్లో పోసుకుని, చలికాలంలో పొయ్యి దగ్గర కాళ్లు చాపుకుని, నేను తెచ్చిన పుస్తకాలు ముందేసుకుని. కానీ ఏడో తరగతికి వచ్చేసరికి మా ఇంగ్లీషు ఆయనకు అందలేదు. మరుసటి ఏడు వాళ్ల బడికి లెక్కల సారే రాలేదట. నేను బీజగణితం చెబుతుంటే ఆయన కళ్లు చిట్లించి వినేవాడు, మళ్లీ చెప్పమనేవాడు, నేను కొంచెం విసుక్కునేదాన్ని. తొమ్మిదో తరగతి సెలవుల్లో పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు, అట్టను చేత్తో ఒకసారి నిమిరాడు, తిరిగి నా ఒళ్లో పెట్టి, "నువ్వు సదువుకో. నేను బర్రెలకు నీళ్లు పెట్టాలె" అని లేచాడు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఆ సెలవుల్లో నాకు హాయిగా అనిపించింది, ఆడుకోవడానికి తీరిక దొరికిందని. ఆ హాయి ఇప్పుడు గుర్తొస్తే అన్నం సహించదు.

ఇద్దరం ఒకే ఏడాది పది పాసయ్యాం. ఆయన గట్టెక్కాడు. నేను పదమూడేళ్లకే ఫస్టు క్లాసులో, ఎక్కడికి వెళ్లినా జనం చెప్పుకునేంత మార్కులతో పాసయ్యాను. సూర్యాపేట కాలేజీలో ఇంటర్లో చేర్చడానికి నాయినకు పని వదిలి రావడం కుదరక అన్నే నన్ను తీసుకుపోయాడు. ఆఫీసు కిటికీ ముందు నిలబడితే గుమాస్తా అన్నను చూసి, "ఏ గ్రూపు తీసుకుంటవ్, బాబూ? మెమో ఇయ్యి" అన్నాడు. అప్పటికి ఆయనకు మీసం మొలుస్తోంది, పొడుగ్గా, తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు.

"నాది కాదు సార్, మా చెల్లెది."

"ఎక్కడున్నది?"

కిటికీ అంచుకు తల అందని నన్ను అన్న చంకల కింద చేతులు పెట్టి పైకి ఎత్తి చూపించాడు. లోపలున్న వాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. అన్న అందరికంటే ఎక్కువ నవ్వాడు. దింపాక నా లంగా కుచ్చిళ్లు సర్దుకుంటూ తలెత్తి చూశాను. ఆయన కిటికీ లోపల వరసగా పేర్చిన దరఖాస్తుల వైపు చూస్తున్నాడు. ఆ తర్వాతి వారమే మిల్లు పనికి మిర్యాలగూడ వెళ్లిపోయాడు.

నా చదువు ఎక్కడా ఆగలేదు. హాస్టళ్లు, పరీక్షలు, ఉద్యోగం. అన్న మిల్లులో బస్తాలు మోశాడు, వడ్లు ఆరబోశాడు, తర్వాత మేస్త్రీ అయ్యాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, సొంత ఇల్లు. బాగానే ఉన్నాడు. ఆయన బాగా లేడని నేను చెప్పడం లేదు. ఒకసారి ఎప్పుడో ఆ వాన సంగతి కదిపితే, "ఏమో, యాదికి లేదు, మణీ" అన్నాడు. నాకోసం అన్నాడో, నిజంగానే మరిచిపోయాడో తెలియదు.

మొన్న వెళ్లినప్పుడు మేనల్లుడు ఇంటర్ లెక్కల పుస్తకం పట్టుకుని నా దగ్గర కూర్చున్నాడు. ఒక లెక్క దగ్గర తల గోక్కుంటూ, "నాకు నీ తెలివి రాలేదు అత్తమ్మా, మా నాయిన తెలివే వచ్చినట్టుంది" అన్నాడు. వాడి చెల్లెలు కిసుక్కున నవ్వింది.

"మా ఇద్దరిలో లెక్క ముందు చెప్పేది మీ నాయినే. నాకు భాగహారం నేర్పిందే ఆయన" అన్నాను.

పిల్లలు ఇంకా గట్టిగా నవ్వారు. లోపల అన్నం తింటున్న అన్న కూడా నవ్వి, "మీ అత్తమ్మ గట్లనే అంటది, నమ్మకుండ్రి. నా ముఖానికి లెక్కలా?" అన్నాడు. అందులో బాధ లేదు, నిష్ఠూరం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

నడిగూడెంలో మేం చదివిన పెంకుటింటి బడి కూల్చి డాబా కట్టారు. మిర్యాలగూడ గురుకులంలో అన్న దాటిన కంచె స్థానంలో ఇప్పుడు ఎత్తైన గోడ ఉంది. లోపలి పిల్లలు ఆదివారం ఆదివారం ఫోన్లో అమ్మానాన్నల ముఖాలు చూసి మాట్లాడతారట, మంచిదే. అమ్మా నాయినా లేరు. వెంకటనర్సయ్య సారూ పోయాడు. ప్రశ్న ముగియకముందే జవాబు చెప్పేసే ఆ పిల్లవాణ్ని చూసినవాళ్లలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే. నేను చెబితే ఎవరూ నమ్మడం లేదు, ఆయనతో సహా.